రామప్పపంతులు, శంకరశాస్త్రి: జొన్నలగడ్డ వేంకట సోమయాజులుగారి నటజీవిత విమర్శనము

జొన్నలగడ్డ వేంకట సోమయాజులుగారి పేరు వినినతోడనే ఆంధ్రులకు స్ఫురించునది శంకరశాస్త్రి రూపము. నుదుట విభూతి రేఖలు, భుజమున ఉత్తరీయము, మితమైన మాట, గంభీరమైన నడక, ఎదుటివాని లోపలికి దిగిపోవు చూపు, ఇవియే వారి లక్షణములని లోకము నిశ్చయించుకొన్నది. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన శంకరాభరణ చలనచిత్రము విడుదలయైన నాటికి వారి వయస్సు ఏబది దాటినది. అప్పటికి పాతికేండ్లుగా వారు రంగస్థలముపై ధరించుచు వచ్చిన పాత్ర దీనికి పూర్తిగా విరుద్ధమైనది. అది కన్యాశుల్కములోని రామప్పపంతులు. కూటసాక్ష్యములకును, తంపులమారి పనులకును, వేశ్యాలోలత్వమునకును పేరుపడిన ఆ పాత్రను ధరించి ధరించి పండిన నటుడే సంగీతతపస్వి యగు శంకరశాస్త్రిగా లోకమునకు దర్శనమిచ్చెను. ఒక్క దేహమున ఈ రెండు పాత్రలు ఎట్లు కుదిరినవి? రెండవది మొదటిదానిని మరపించినదా, లేక మొదటిదానినుండియే పుట్టినదా? ఈ ప్రశ్నకు సమాధానము లభించిననే గాని ఆయన నటజీవితచరిత్రము పూర్తి కాజాలదు.

సోమయాజులుగారు 1928వ సంవత్సరమున శ్రీకాకుళ ప్రాంతమునందలి లుకలాం అగ్రహారమున జన్మించిరి. వారి తమ్ముడు రమణమూర్తిగారు 1933లో జన్మించిరి. అన్నదమ్ములిరువురికిని నటనాభ్యాసమునకు విద్యాస్థానమైనది విజయనగరము. ఇచట దేశవిభాగము నొకింత జ్ఞాపకము చేసికొనుట అవసరము. 1936 మొదలుకొని 1950 వరకు విశాఖపట్టణ మండలమనగా నేటి శ్రీకాకుళ, విజయనగర, విశాఖపట్టణ, అనకాపల్లి ప్రాంతములన్నియు అందు చేరినవియే. శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను, అనకాపల్లి 2022లోను ప్రత్యేక మండలములైనవి. మన్యమునకు వాకిలివంటి నర్సీపట్టణము నేడు అనకాపల్లి మండలమునకు చెందినది. పడమట నర్సీపట్టణము మొదలు ఉత్తరమున శ్రీకాకుళము వరకు వ్యాపించిన ఈ భూభాగమునకు భాషయందు ఒక యాస, వ్యవహారమునందు ఒక పోకడ, హాస్యమునందు ఒక చురుకు కలవు. గురజాడ అప్పారావుగారు తమ నాటకమునకు జీవముగా గ్రహించినది ఈ యాసనే, ఈ చురుకునే.

విజయనగర సంస్థానము నాటకమునకును సంగీతమునకును పుట్టినిల్లు. ఆనందగజపతి మహారాజు కాలమున జగన్నాథ విలాసినీ సభవారు 1892వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన కన్యాశుల్కమును మొట్టమొదట ప్రదర్శించిరి. 1897లో ఆ నాటకము అచ్చుపడినది. 1909లో గురజాడవారు దానిని మిక్కిలి పెంచి, ఇంచుమించు క్రొత్త నాటకమే యన్నట్లు తిరిగి వ్రాసి ప్రకటించిరి. నేడు మనము చదువునది ఆ రెండవ కూర్పు. 1919లో ఆ పురముననే సంగీత కళాశాల స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. 1945లో దాసుగారు పరమపదించునాటికి సోమయాజులుగారికి పదునారేండ్లు. కాబట్టి గురజాడవారి హాస్యమును, దాసుగారి సంగీతమును గాలిలోనే పీల్చుకొను భాగ్యము ఆ తరమువారికి లభించినది. రామప్పపంతులును, శంకరశాస్త్రియు దూరపు బంధువులు కారు. ఒకే ఊరి రెండు వీథులవారు.

1953వ సంవత్సరమున రమణమూర్తిగారు విజయనగరమున కన్యాశుల్కమును ప్రదర్శనమునకు సిద్ధపరచి గిరీశము పాత్రను తాము ధరించిరి. మూలనాటకము యథాతథముగా ఆడినచో ఒక రాత్రి చాలదు. దానిని కుదించి, రసభంగము కాకుండ సామాజికులు ఓపికతో చూడదగిన కాలమునకు తెచ్చుట సామాన్యమైన పని కాదు. ఆ పనిని రమణమూర్తిగారు నిర్వహించి, దశాబ్దములతరబడి వేయికి పైగా ప్రదర్శనములిచ్చి, అపర గిరీశమని పేరందిరి. ఆ ప్రదర్శనములలో అన్నగారు రామప్పపంతులు. నాటకమున గిరీశము విడిచిన మధురవాణిని రామప్పపంతులు చేపట్టును. ఒకరిని మించి ఒకరు ఎత్తులు వేయుదురు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టకు వెరచి ఒకే మంచము క్రింద ఇరువురును చేరవలసి వచ్చును. రంగముపై ఈ స్పర్ధను నడపునది అన్నదమ్ములగుటచేత ఒకరి ఊపిరి ఒకరికి తెలిసియుండెడిది. నాటకమునందు సమయజ్ఞత యనునది పుస్తకమువలన వచ్చునది కాదు, సాహచర్యమువలన వచ్చునది.

రామప్పపంతులు పాత్రస్వభావమును లక్షణగ్రంథముల వెలుగున పరిశీలింపవలెను. సంస్కృత ప్రహసనములందును భాణములందును విటుడను పాత్ర కలడు. వాక్చాతుర్యము, వేశ్యాపరిచయము, డాంబికము వానికి లక్షణములు. రామప్పపంతులు విటుని వంశమువాడేయైనను గురజాడవారు వానికి బ్రిటిషువారి న్యాయస్థానములను, దస్తావేజులను, ప్లీడర్లను, పోలీసులను చేర్చి క్రొత్త జన్మ మిచ్చిరి. లుబ్ధావధానులకు పెండ్లి కుదుర్చువాడును అతడే, ఆ పెండ్లిలో తగవు పెట్టువాడును అతడే. మధురవాణి కంటెను వధువునకని ఎరువు తెచ్చి, తిరిగి రాబట్టుకొనలేక తల్లడిల్లువాడును అతడే. అందరిని మోసగింపబోయి అందరిచేతను మోసపోవు ఈ పాత్రయందు ఒక అపాయమున్నది. నటుడు కేవలము నవ్వించుటకే పూనినచో పాత్ర వట్టి విదూషకత్వమున పడిపోవును. కేవలము దుష్టునిగా చూపినచో హాస్యము చచ్చును. రామప్పపంతులు తన దృష్టిలో తాను గౌరవనీయుడు, ఊరికి పెద్ద. తన గొప్పతనమును తాను నిజముగా నమ్మినవానివలె నటించిననే ఆ నమ్మకము కూలునప్పుడు సామాజికునకు నవ్వు పుట్టును. కావున ఈ హాస్యపాత్రకు పునాది గాంభీర్యము. ఇది గ్రహించినచో శంకరశాస్త్రికి త్రోవ దొరకినట్లే.

ఈ యన్నదమ్ముల నాటకవ్యాసంగము జీవనోపాధి కాదు. సోమయాజులుగారు రెవిన్యూశాఖలో ఉద్యోగించి క్రమముగా డిప్యూటీ కలెక్టరు పదవి నందిరి. పగలు కచేరీ, రాత్రి నాటకము. ఇది వారి యొక్కరి చరిత్రము కాదు. ఆంధ్రదేశమున ఆధునిక నాటకమును బ్రతికించినవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ప్లీడర్లు, వైద్యులు అనేకులు కలరు. వృత్తినాటక సమాజములు పౌరాణికములతో ధనమార్జించుకాలమున సాంఘికనాటకమును మోసినది ఈ ఔత్సాహికులే. రెవిన్యూ ఉద్యోగికి దినదినము ఎదురగు మనుష్యులెవరు? భూమి తగవులవారు, దొంగ దస్తావేజులవారు, కరణములు, మధ్యవర్తులు. రామప్పపంతులను కన్నులార చూడవలెనన్న వారికి నాటకమంతటి దూరము పోవలసిన పని లేదు. ఉద్యోగము నటనకు ఆటంకమైనది అనుట సులభము. ఐనను ఉద్యోగమే ఈ నటునకు పాత్రలను చూపిన పాఠశాల యనుట ఎక్కువ యుక్తము.

చలనచిత్రరంగమున తమ్ముడే ముందుగా ప్రవేశించెను. 1957లో కె. బి. తిలక్‌గారి ఎమ్మెల్యే చిత్రమునందు రమణమూర్తిగారికి ముఖ్యపాత్ర లభించినది. 1961లో బావామరదళ్ళు చిత్రమున నాయకుడుగా నటించిరి. ఐనను నాయకస్థానమున స్థిరపడక, క్రమముగా తండ్రి, అన్న, అధికారి, మధ్యతరగతి గృహస్థు మున్నగు పాత్రలలో నిలిచి, అనేక చిత్రములలో నటించి, 2016లో దివంగతులైరి. ఇట్టి నటునే నేడు గుణచిత్రనటుడందురు. ఈ మాట క్రొత్తది; భావము ప్రాతది. నాయకుడు కథను నడపును. గుణచిత్రనటుడు కథకు లోకమును కల్పించును. తండ్రి నమ్మదగినవాడు కానిచో కొడుకు కష్టము నమ్మదగినది కాదు. ఐనను లోకము నాయకుని పేరు జ్ఞప్తియందుంచుకొనును, తండ్రి ముఖమును మాత్రము జ్ఞప్తియందుంచుకొని పేరు మరచును. రమణమూర్తిగారి విషయమున జరిగినది ఇదియే. గిరీశముగా వేయిమారులు రంగమునేలిన నటుడు వెండితెరపై ఎరిగిన ముఖముగా మాత్రమే నిలిచెను. 1955లో పి. పుల్లయ్యగారు కన్యాశుల్కమును చలనచిత్రముగా తీసినప్పుడు గిరీశము పాత్ర నందమూరి తారకరామారావుగారికిని, రామప్పపంతులు పాత్ర సి. ఎస్. ఆర్. ఆంజనేయులుగారికిని దక్కినవి. తాము జీవితమంతయు సాధన చేసిన పాత్రలు ఆ వెండితెరపై ఈ అన్నదమ్ములకు దక్కలేదు.

సోమయాజులుగారు అంతకుముందే చలనచిత్రమునందు కనిపించినను లోకము గుర్తించినది శంకరాభరణముతోనే. కాశీనాథుని విశ్వనాథ్‌గారు దర్శకులు, ఏడిద నాగేశ్వరరావుగారు నిర్మాత, కె. వి. మహదేవన్‌గారు సంగీతకర్త, జంధ్యాలగారు సంభాషణకర్త, బాలు మహేంద్రగారు ఛాయాగ్రాహకులు. ఏబదియేండ్ల సంగీతవిద్వాంసుడు నాయకుడుగా, శృంగారనాయిక లేని కథతో, శాస్త్రీయసంగీతము ప్రాణముగా చిత్రము తీయుట ఆ దినములలో సాహసము. ప్రసిద్ధుడగు నటుని ఆ పాత్రకు గ్రహించినచో అతని పూర్వపాత్రలన్నియు వెంట వచ్చెడివి. చూచువానికి శాస్త్రి కనబడక నటుడు కనబడును. సోమయాజులుగారికి వెండితెరపై పూర్వజన్మ లేదు. ఆయన నిజముగా ఒక సంగీతవిద్వాంసుడేమో అని జనులు భ్రమించుట ఆ కారణముననే.

ఆ నటన యెట్టిదో నాట్యశాస్త్రపరిభాషలో విచారించినచో ఒక విశేషము తేలును. అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని చతుర్విధము. రంగస్థలమున రామప్పపంతులుకు ప్రాణము వాచికము. మాట ఆగినచో పాత్ర ఆగును. శంకరశాస్త్రికి వాచికమున ప్రధానభాగము గానము. ఆ గానము సోమయాజులుగారిది కాదు, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారిది. సంభాషణములు కూడ మితములు. కాగా, పాతికేండ్లు మాటతో బ్రతికిన నటుని చేతినుండి మాట తీసికొనిరి. ఆహార్యము సామాన్యబ్రాహ్మణునిది. ఇక మిగిలినవి ఆంగిక సాత్త్వికములు. కూర్చున్న తీరు, తాళము వేయు చేయి, కోపమున బిగిసిన దవడ, కరుణచే తడిసిన కన్ను, ఇంతే. అన్యుని కంఠము తన గుండెనుండి వెడలినట్లు చూచువానికి నమ్మకము కలుగవలెనన్నచో ప్రతి గమకమునకును శరీరము బదులు చెప్పవలెను. రంగముపై కుర్చీల చివరి వరుసవరకు వినిపింపవలసిన నటుడు, ఛాయాగ్రాహకయంత్రము ముఖమునకు దగ్గరగా వచ్చినప్పుడు తన నేర్పునెల్ల లోపలికి మరల్చుకొనవలసివచ్చెను. ఆ మరలింపే ఆయన సాధించిన విజయము. చివరి కచ్చేరిలో గానము సగమున ఆగి, శిష్యుడగు బాలుడు దానినందుకొనగా, గురువు ముఖమున మృత్యువును సంతృప్తియు ఒక్కమారుగా తోచు ఘట్టము ఇందులకు నిదర్శనము. అచట మాట లేదు. మాటయెంత విలువగలదో తెలిసిన నటుడే మౌనమునకు అంత విలువ కట్టగలడు.

చిత్రమునకు దేశవిదేశములందు సన్మానములు లభించినవి. జాతీయపురస్కారములలో మహదేవన్‌గారికి సంగీతమునకును, బాలసుబ్రహ్మణ్యముగారికిని, వాణీజయరాముగారికిని గానమునకును బహుమతులు వచ్చినవి. 1981లో ఫ్రాన్సు దేశమునందలి బెజాన్సాన్ చిత్రోత్సవమున సన్మానము జరిగినది. జాతీయపురస్కారములలో నటునకు మాత్రము స్థానము లేకపోయినది. దీనిని పక్షపాతమని నిందించుట న్యాయము కాదు. నటన ఎంత సహజముగా కుదిరినదన, అది నటనయని తోపనే లేదు. సాత్త్వికాభినయమునకు ఇది పరమావధి. నటుని కీర్తికి ఇదియే ప్రతిబంధము.

శంకరాభరణమునకు పిమ్మట సోమయాజులుగారికి వచ్చిన పాత్రలు అధికముగా ఆ అచ్చులోనివే. 1980లో బాపుగారి వంశవృక్షము, 1981లో వారిదే త్యాగయ్య, అదే సంవత్సరమున విశ్వనాథ్‌గారి సప్తపది. పండితుడు, వాగ్గేయకారుడు, వైదికవృద్ధుడు. పదేండ్ల తరువాత 1991లో వచ్చిన ఆదిత్య 369 అను చిత్రమున మహామంత్రి తిమ్మరుసు. తమిళచిత్రమైన ఇదు నమ్మ ఆళు నందును బ్రాహ్మణగృహస్థే. టెలివిజన్ ధారావాహికములందు సైతము ఆయన పెద్దరికమే కనబడినది. రాష్ట్ర సాంస్కృతిక వ్యవహారములశాఖకు సంచాలకులుగా కూడ వారు పనిచేసిరి. ప్రభుత్వమునకు సైతము వారియందు డిప్యూటీ కలెక్టరుకంటె శంకరశాస్త్రియే ఎక్కువగా గోచరించెనేమో. రామప్పపంతులవంటి పాత్ర వెండితెరపై వారికి మరల లభించియుండినచో తెలుగుచిత్రమునకు ఎట్టి హాస్యము సమకూరెడిదో ఊహింపవలసినదే.

ఇచట ఒక ఆక్షేపము కలదు. ఒకే యచ్చు పాత్రలు ధరించిన నటుని గొప్పనటుడనవచ్చునా యని కొందరందురు. ఆక్షేపము పైకి బలమైనదే. ఐనను పాత్రలను బాహ్యవేషమునుబట్టి గాక అంతరార్థమునుబట్టి విమర్శింపవలెను. వంశవృక్షమునందలి పండితుడు తన వంశశుద్ధిని నమ్మి జీవించి, తుదకు తన జన్మరహస్యమును తెలిసికొని ఆ నమ్మకము కూలగా నిలువవలసినవాడు. సప్తపదిలోని వృద్ధుడు ఆచారపరుడైయుండియు, మనుమరాలి హృదయము హరిజనయువకునియందున్నదని గ్రహించి, ఊరి మాటను కాదని ఆమెను వానికి అప్పగించును. త్యాగయ్య రాజాశ్రయమును కాదన్నవాడు. వేషమొక్కటే, విభూతి యొక్కటే. లోపలి సంఘర్షణము మాత్రము వేరువేరు. మరియొక విశేషము. ఈ పాత్రలలో పెక్కింటికి గల సామాన్యధర్మమేమన, తన గౌరవమును తాను గాఢముగా నమ్మిన పెద్దమనిషి ఆ నమ్మకమునకు పరీక్ష వచ్చినప్పుడు ఏమగును అనునదియే. రామప్పపంతులు కథయు అదియే. వాని నమ్మకము బూటకము గనుక కూలినప్పుడు నవ్వు వచ్చును. వీరి నమ్మకము నిజము గనుక కూలినప్పుడు కరుణ పుట్టును. హాస్యమునకును కరుణమునకును మూలము ఒక్కటే యని ఒక నటుని జీవితము ఇంత స్పష్టముగా నిరూపించుట అరుదు.

కాబట్టి శంకరశాస్త్రి రామప్పపంతులను మరపించినాడనుట లోకదృష్టి. రామప్పపంతులే శంకరశాస్త్రిని కన్నాడనుట చరిత్రదృష్టి. ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఒక్క చిత్రముతో ఒక్క దినమున పుట్టిన కీర్తిగా తోచునది, నిజమునకు పాతికేండ్లు రాత్రులు మేలుకొని, దీపములక్రింద, గ్యాసులైట్లవెలుగున, కొన్ని తావులలో బల్లలు చేర్చి కట్టిన వేదికలపై సాధించిన కౌశలము. ఆ సాధన లేనిచో విశ్వనాథ్‌గారికి ఒక ముఖము లభించెడిది గాని నటుడు లభించెడివాడు కాడు.

2004వ సంవత్సరము ఏప్రిల్ నెలలో సోమయాజులుగారు స్వర్గస్థులైరి. వారి చలనచిత్రములు నిలిచియున్నవి. కావలసినవారు కావలసినప్పుడు చూడవచ్చును. వారి రామప్పపంతులు మాత్రము చూచినవారి జ్ఞాపకములలో బ్రతికియున్నది, ఆ జ్ఞాపకములు ఏటేట తరుగుచున్నవి. నటుని కళ నటునితో పోవునన్న ప్రాతమాట రంగస్థలమునకు నేటికిని సత్యమే. నర్సీపట్టణము, చోడవరము, బొబ్బిలి, పార్వతీపురము మున్నగు ఊళ్ళలో పాఠశాలల ప్రాంగణములందును సత్రముల యెదుటను నాటకములాడిన ఔత్సాహికసమాజములు ఎన్నియో కలవు. వాని కరపత్రములు, పాత్రధారుల పట్టికలు, ఛాయాచిత్రములు, నటులు గీతలు గీసికొన్న నాటకప్రతులు ఇంటింట అటకలపై చెదలపాలగుచున్నవి. తాళపత్రములను వెదకి రక్షించుట విద్వాంసుల ధర్మమని ఒప్పుకొన్న జాతికి వీనిని రక్షించుట కూడ ధర్మమే. ఒక్కొక్క ఊరి ఉపాధ్యాయుడు తన ఊరి నాటకచరిత్రమును ఒక్కొక్క పుస్తకమున వ్రాసియుంచినను చాలును. అట్టి పుస్తకములు ఉన్ననే గాని, శంకరశాస్త్రులు ఆకాశమునుండి ఊడిపడలేదనియు, రామప్పపంతుల యింటనే పుట్టిరనియు రాబోవు తరమువారికి రుజువు చూపుటకు వీలుండదు.